గట్టు చుట్టూ నడిస్తే భూమి ఎంతో తెలుస్తుందా?

చుట్టుకొలత, వైశాల్యం అనే రెండు మాటలూ మనం పిల్లలకు ప్రాథమిక పాఠశాల నుంచే చెబుతున్నాం. పదో తరగతికి వచ్చేసరికి సూత్రాలన్నీ నోటికి వచ్చేస్తాయి. అయినా రంపచోడవరం చుట్టుపక్కల మేము చూసినంతలో, పుస్తకం బయటికి వచ్చాక ఈ రెండింటికీ తేడా చాలామందికి పట్టదు. చదువుకున్నవారికి కూడా. భూమి కొలిచేటప్పుడు, కౌలుకు తీసుకునేటప్పుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునేటప్పుడు, గుత్తకు కలుపు తీసేటప్పుడు ఆ తేడా తెలియనివారే నష్టపోతున్నారు. అందుకే ఈ సంచికలో ఆ పాత పాఠాన్నే మళ్లీ చెప్పదలచాం. ఈసారి పరీక్ష కోసం కాదు.

గట్టు మీద ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వస్తే ఎంత దూరం నడిచామో అది చుట్టుకొలత. అడుగుల్లోనో మీటర్లలోనో చెబుతాం. ముళ్లతీగ ఎంత కొనాలో చెప్పేది ఇదే. ఆ గట్టు లోపల ఎంత నేల ఉందో అది వైశాల్యం. చదరపు అడుగుల్లో, గజాల్లో, సెంట్లలో చెబుతాం. విత్తనం, ఎరువు, కౌలు, శిస్తు, పట్టా అన్నీ దీని మీదే నడుస్తాయి. ఒక సెంటుకు 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 చదరపు గజాలు. నూరు సెంట్లు ఒక ఎకరం, అంటే 43,560 చదరపు అడుగులు. ఈ అంకె వింతగా కనిపిస్తుంది గానీ దానికి ఒక కారణం ఉంది. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన 1620 ప్రాంతంలో 66 అడుగుల కొలత గొలుసు తయారుచేశాడు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న నేల ఒక ఎకరం. 66ను 660తో గుణించి చూడండి.

ఇప్పుడు 720 అడుగుల తాడు ఒకటి మన చేతిలో ఉందనుకుందాం. దాన్ని చతురస్రంగా పరిస్తే ఒక్కో భుజం 180 అడుగులు. లోపలి నేల 32,400 చదరపు అడుగులు, దాదాపు 74 సెంట్లు. అదే తాడుతో 300 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉన్న మడి చుడితే 18,000 చదరపు అడుగులు, 41 సెంట్లు. ఇంకా సాగదీసి 340 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు చేస్తే 6,800 చదరపు అడుగులే, 16 సెంట్లకు కొంచెం తక్కువ. తాడు మారలేదు, నడక మారలేదు, కొనవలసిన ముళ్లతీగ మారలేదు. నేల మాత్రం 74 సెంట్ల నుంచి 16 సెంట్లకు పడిపోయింది. అదే తాడును గుండ్రంగా పరిస్తే దాదాపు 94.7 సెంట్లు వస్తుంది. ఒకే చుట్టుకొలతలో అన్నిటికంటే ఎక్కువ నేలను పట్టేది వృత్తమే. "మా చేను చుట్టూ తిరగడానికి పావుగంట పడుతుంది, మీ చేను కూడా అంతే, కాబట్టి రెండూ సమానం" అనే లెక్క వాగు ఒడ్డున సన్నగా సాగిన చేలున్న మన ప్రాంతంలో అసలు పనికిరాదు.

వైశాల్యం తెలిసినంత మాత్రాన అన్ని ప్రశ్నలకూ జవాబు దొరకదు. ఈ మాట కూడా ఇక్కడే చెప్పాలి. నమాజుకు 40 అడుగులు, 30 అడుగులు ఉన్న ఒక హాలు ఉందనుకోండి. వైశాల్యం 1,200 చదరపు అడుగులు. ఒక మనిషికి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అనుకుంటే 8 చదరపు అడుగులు. 1,200ను 8తో భాగిస్తే 150 మంది. సఫ్‌లు 30 అడుగుల గోడ వెంట వస్తే ఒక్కో సఫ్‌లో 15 మంది, లోతు 40 అడుగులు కాబట్టి 10 సఫ్‌లు, సరిగ్గా 150. అవే సఫ్‌లు 40 అడుగుల గోడ వెంట వస్తే ఒక్కో దానిలో 20 మంది, లోతు 30 అడుగులు కాబట్టి ఏడు సఫ్‌లే పడతాయి. 140 మంది. మిగిలిన రెండడుగుల పట్టీలో ఎవరూ సజ్దా చేయలేరు. కిబ్లా గోడలకు ఏటవాలుగా వచ్చే గదిలోనైతే మూలల్లో త్రిభుజాలు మిగిలిపోతాయి. తివాచీ కొనేవారు చదరపు అడుగులు చూస్తే చాలు. హాలు కట్టించేవారు మాత్రం ఏ వైపు ఎంత పొడవో ముందుగా చూసుకోవాలి.

మళ్లీ చేనుకు వద్దాం. నాలుగు మూలలూ సమకోణంగా ఉన్న చేను మన్యంలో వెతికినా దొరకదు. ఒక గట్టు పొడవు, ఎదురు గట్టు పొట్టి. అలాంటప్పుడు ఊళ్లలో చేసే లెక్క ఒకటుంది. ఎదురెదురు గట్లు రెండింటినీ కలిపి సగం చేస్తారు. మిగతా రెండింటినీ అలాగే కలిపి సగం చేస్తారు. ఆ రెండు సగాలనూ గుణిస్తారు. ఇది చాలా పాత లెక్క. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహంలో క్షేత్రాల లెక్కను వ్యావహారికం, సూక్ష్మం అని రెండుగా చెప్పాడు. సుమారుగా సరిపెట్టుకునేది ఒకటి, కచ్చితమైనది ఒకటి. ఆ గ్రంథాన్నే సుమారు 11వ శతాబ్దం వాడని పండితులు చెప్పే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల పుస్తకాన్ని తెలుగులో పద్యాలుగా రాసుకున్న జాతి మనది. సుమారు లెక్కకూ సరైన లెక్కకూ తేడా ఉందని మనవారికి అప్పుడే తెలుసు. మనమే మధ్యలో ఎక్కడో ఆ రెండో భాగాన్ని మరిచిపోయాం.

తేడా ఎంత ఉంటుందో ఒక చేను తీసుకుని చూద్దాం. నాలుగు గట్లు వరుసగా 130, 140, 200, 250 అడుగులు. చుట్టుకొలత 720, మన తాడంతే. ఊరి లెక్క ప్రకారం 130, 200 కలిపి సగం చేస్తే 165. 140, 250 కలిపి సగం చేస్తే 195. గుణిస్తే 32,175 చదరపు అడుగులు, 73.9 సెంట్లు. ఇందాకటి చతురస్రానికి 74.4 సెంట్లు వచ్చాయి కదా, దాదాపు అంతే. అంటే ఈ లెక్క చేను ఎటు వంగిందో చూడటం లేదు, గట్ల పొడవును మాత్రమే చూస్తోంది.

ఇప్పుడు సరిగ్గా కొలుద్దాం. 130, 140 అడుగుల గట్లు కలిసే మూలను వదిలి, వాటి అవతలి కొసల మధ్య టేపు లాగాలి. దీన్నే కర్ణం అంటాం. మన చేనులో అది 150 అడుగులు వచ్చిందనుకుందాం. చేను రెండు త్రిభుజాలైంది. మూడు భుజాలు తెలిసిన త్రిభుజానికి హెరాన్ సూత్రం ఉంది, తొమ్మిదో తరగతి పాఠమే. మూడు భుజాలూ కలిపి సగం చేయాలి. ఆ సగంలోంచి ఒక్కో భుజాన్నీ తీసేయాలి. వచ్చిన మూడు శేషాలనూ, ఆ సగాన్నీ గుణించి వర్గమూలం తీయాలి. మొదటి త్రిభుజం భుజాలు 130, 140, 150. సగం 210. శేషాలు 80, 70, 60. గుణించి వర్గమూలం తీస్తే 8,400. రెండో త్రిభుజం భుజాలు 150, 200, 250. సగం 300. శేషాలు 150, 100, 50. వర్గమూలం 15,000. రెండూ కలిపితే 23,400 చదరపు అడుగులు, 53.7 సెంట్లు.

ఊరి లెక్కలో దాదాపు 74, నిజంగా 54. ఎకరానికి ఇంత అని కౌలు మాట్లాడుకున్న రైతు లేని 20 సెంట్లకు ఏటా డబ్బు కడతాడు. ఈ సుమారు లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. అమ్మేవారికి, కౌలుకు ఇచ్చేవారికి ఈ లెక్క ఎందుకు ఇష్టమో వేరే చెప్పనక్కరలేదు.

నాలుగు గట్ల పొడవులు తెలిస్తే వైశాల్యం తెలిసిపోదా అని పిల్లలు అడుగుతారు. నాలుగు చీపురు పుల్లల్ని సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో మూలల దగ్గర కలిపి చతురస్రం చేయించండి. దాన్ని ఒక పక్కకు నొక్కితే చతురస్రం కాస్తా వాలిపోయి, చివరికి పుల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. పుల్లల పొడవు అంతే ఉంది, లోపలి నేల సున్నా అయింది. త్రిభుజాన్ని మాత్రం అలా నొక్కలేం. అందుకే భూమి కొలిచేవారు ఎంత వంకర చేనునైనా త్రిభుజాలుగా విడగొడతారు. కొలత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి రెండో కర్ణం కూడా లాగాలి. మన చేనుకు అది దాదాపు 323 అడుగులు రావాలి. ఆ కర్ణంతో రెండు త్రిభుజాలు చేసినా మొత్తం మళ్లీ 23,400 చదరపు అడుగులే రావాలి. రాకపోతే టేపు ఎక్కడో వంగింది.

ఇక వంపులు. భూపతిపాలెం దగ్గర జలాశయం కట్టిన సీతపల్లి వాగు గానీ, మారేడుమిల్లి వైపు సోకులేరు గానీ తిన్నగా పారవు. చేను గట్టు వాగు వెంటే వంగుతుంది. వంపు రెండు కొసల మధ్య దూరం 140 అడుగులు ఉండి, చేను అర్ధచంద్రంలా వాగువైపు పొడుచుకు వచ్చిందనుకోండి. వ్యాసార్ధం 70 అడుగులు. 70 × 70 × 22/7 పూర్తి వృత్తం, 15,400. అందులో సగం 7,700 చదరపు అడుగులు, 17 సెంట్లకు పైమాటే. కొలిచేవారు రెండు కొసల మధ్య తిన్నగా గీత గీసుకుని వెళ్లిపోతే ఆ పదిహేడు సెంట్లూ కాగితం మీద వాగులో కలిసిపోతాయి. అర్ధవృత్తంలా ఉండని వంపులకు ఒకటే మార్గం, ప్రతి పదిహేను ఇరవై అడుగులకూ ఒక గుర్తు పెట్టి చిన్న చిన్న త్రిభుజాలుగా, పట్టీలుగా కొలవడమే.

22/7 అనే విలువ గురించి ఒక మాట. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని అల్ జబ్ర్ నుంచే ఆల్జీబ్రా అనే పేరు వచ్చిందని చాలామందికి తెలుసు. ఆ పుస్తకంలో భూమి కొలతల మీద ఒక అధ్యాయం, వారసత్వపు పంపకాల మీద పెద్ద భాగం ఉన్నాయని తెలిసినవారు తక్కువ. వృత్తానికి ఆయన మూడు విలువలు ఇచ్చాడు. మూడూ ఏడో వంతు, పది వర్గమూలం, 62,832ను 20,000తో భాగిస్తే వచ్చేది. మూడోది 3.1416. అది 499లో ఆర్యభటుడు ఇచ్చిన విలువే. పాటలీపుత్రం లెక్క బాగ్దాదు చేరి, అక్కడి భూమి కొలతల్లో నిలిచింది. గణితానికి ఊరూ మతం లేవని మేము తరగతిలో చెప్పేటప్పుడు దీన్నే ఉదాహరణగా చూపిస్తాం.

వారసత్వం మాట వచ్చింది కాబట్టి పంపకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నచోట మన షరియత్ ప్రకారం కొడుక్కు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. పాళ్లు అందరికీ తెలుసు, గీత ఎక్కడ గీయాలన్నదే తెలియదు. స్థలం త్రిభుజాకారంలో ఉంటే పని సులువు. రోడ్డు వైపు భుజాన్ని మూడు సమాన భాగాలు చేసి, రెండు భాగాలు అయ్యే చోటు నుంచి ఎదురు మూలకు తిన్నగా గీత గీయాలి. రెండు ముక్కలకూ ఎత్తు ఒకటే కాబట్టి వైశాల్యాలు సరిగ్గా రెండు, ఒకటి పాళ్లుగా వస్తాయి. త్రిభుజం ఎంత వంకరగా ఉన్నా సరే. రెండు ముక్కల చుట్టుకొలతలు ఆ పాళ్లలో రావు. రావలసిన అవసరమూ లేదు.

సమలంబ చతుర్భుజం దగ్గరే గొడవ. రోడ్డు వైపు 60 అడుగులు, వెనక వైపు 90 అడుగులు, లోతు 100 అడుగులు, ఎడమ గోడ రోడ్డుకు నిటారుగా ఉన్న స్థలం అనుకుందాం. మొత్తం వైశాల్యం 60, 90 కలిపి సగం చేసి 100తో గుణిస్తే 7,500 చదరపు అడుగులు. కూతురికి రావలసింది 2,500. సాధారణంగా చేసేదేమిటంటే, రోడ్డు వైపు 60లో మూడో వంతు 20 అడుగులు కొలిచి, ఎడమ గోడకు సమానంగా వెనక్కి గీత గీసేస్తారు. కూతురికి 20 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఇచ్చామంటారు. అంటే 2,000. వెనక విచ్చుకున్న నేలంతా కొడుకు వైపు పోయి అతనికి 5,500 వచ్చింది. "ముందు మూడో వంతు ఇచ్చాం కదా" అంటే విన్నవారు అవునంటారు. అమ్మాయికి 500 చదరపు అడుగులు, అంటే సెంటుకు పైగా తగ్గిందని ఎవరూ గమనించరు. సరైన పద్ధతి రోడ్డు వైపు 20, వెనక వైపు 30 అడుగుల దగ్గర గుర్తులు పెట్టి రెండింటినీ కలపడం. అప్పుడు 20, 30 కలిపి సగం 25, నూరుతో గుణిస్తే 2,500. గీత కొంచెం వాలుగా వస్తుంది. గోడ తిన్నగా ఉండాలనే మోజుతో ఆడపిల్ల వాటా తగ్గించడం మాకు న్యాయంగా తోచదు.

ఇక మైదానంలో లేని, మన కొండల్లో మాత్రమే ఉన్న చిక్కు వాలు. కొండ మీది పోడు చేనును, జీడిమామిడి తోటను టేపుతో నేల మీద పరిచి కొలిస్తే ఒక పొడవు వస్తుంది. సర్వే కాగితంలో దానికంటే తక్కువ వస్తుంది. రెండూ అబద్ధం కాదు. పటం మీద గీసేది పైనుంచి చూసినప్పుడు కనిపించే నేలను, అంటే వాలును మట్టం చేస్తే వచ్చే నేలను. చెట్టు వాలుకు అడ్డంగా పెరగదు, నిటారుగానే పెరుగుతుంది. వాన కూడా పైనుంచే పడుతుంది. పక్కపక్క చేల కొలతలు కలిపితే ఊరి మొత్తం రావాలన్నా మట్టపు కొలతే వాడాలి. అందుకే అన్ని దేశాల్లోనూ భూమి రికార్డులు ఈ లెక్క మీదే ఉంటాయి.

ఎంత తగ్గుతుందో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. 13 అడుగుల తాడును వాలు వెంట తిన్నగా పరవాలి. కింది కొస దగ్గర ఒక కర్ర నిటారుగా పాతాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో పై కొస మట్టాన్ని కర్ర మీద గుర్తించాలి. అది నేల నుంచి 5 అడుగుల ఎత్తున వస్తే, మట్టపు దూరం 12 అడుగులు. పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ పనికొచ్చింది, 25, 144 కలిపితే 169. అంటే ఆ వాలు మీద కొండ ఎక్కే దిక్కులో కొలిచిన ప్రతి 13 అడుగులూ పటంలో 12. నేల మీద ఎకరం కొలిచి చూపించిన చేను కాగితంలో 92.3 సెంట్లు. 30 డిగ్రీల వాలైతే 86.6 సెంట్లే. కాగితం వచ్చాక "మా భూమి కోసేశారు" అని బాధపడేవారిలో కొందరి విషయంలో జరిగింది ఇదే. కొందరి విషయంలో నిజంగానే కోత పడి ఉండవచ్చు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు వాలు లెక్క తీసేసి చూడాలి.

నీళ్ల గొట్టం లేకపోతే మెట్లు మెట్లుగా కొలవడం మరో పద్ధతి. టేపును నేల మీద పరవకుండా ఇద్దరు మట్టంగా లాగి పట్టుకోవాలి. కిందనున్నవారు దారానికి రాయి కట్టి వేలాడదీస్తే అది ఎక్కడ తాకుతుందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పది పది అడుగుల చొప్పున దిగుతూ వస్తే వాలు లెక్క దానంతట అదే పోతుంది.

కూలి విషయంలో మాత్రం మా అభిప్రాయం వేరు. కొండ తోటలో ఎకరానికి ఇంత అని గుత్తకు కలుపు తీసేవారు మట్టపు నేల మీద పని చేయరు, వాలు మీద చేస్తారు. 30 డిగ్రీల వాలు మీద కాగితపు ఎకరం అంటే 115 సెంట్ల పైచిలుకు నేల గీకాలి. అక్కడ టేపును నేల మీదే పరిచి కొలవడం న్యాయం. పట్టాకు ఒక కొలత, చెమటకు ఒక కొలత.

చివరిగా పట్టా కాగితం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి, సాగులో ఉన్నంత వరకు, 4 హెక్టార్లకు మించకుండా హక్కు వస్తుంది. గ్రామసభ తరఫున అటవీ హక్కుల కమిటీ చేను దగ్గరికి వచ్చి చూడాలి. ఆ సంగతి హక్కు కోరినవారికి ముందుగా తెలియజేయాలి. కొలత జీపీఎస్ పరికరంతో జరిగితే, ఆ పరికరాన్ని పట్టుకుని గట్టు వెంట తిరుగుతారు. పరికరం తీసుకునేది చుట్టూ ఉన్న గుర్తులను. లోపలి వైశాల్యం దానంతట అదే కట్టుకుంటుంది. కాబట్టి తిరిగేవారు ఏ మూల దగ్గర ఆగలేదో ఆ మూల పోతుంది. చేతిలో పట్టుకునే పరికరాలకు కొన్ని మీటర్లు అటూ ఇటూ తేడా ఉంటుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా ఎక్కువ. వెడల్పు చేనుకు అది పెద్ద లెక్క కాదు. ఇరవై మీటర్ల వెడల్పున సన్నగా సాగిన చేనులో మాత్రం ఒక పక్క రెండు మీటర్లు లోపలికి జరిగితే పదో వంతు భూమి పోయినట్టే. అందుకని సన్న చేల వారు కొలత రోజున దగ్గర ఉండాలి. ప్రతి మలుపులోనూ ఆగమని అడగాలి. ముందే తమ టేపు కొలత, కర్ణాలతో సహా, ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

కాగితం వచ్చాక అంకె చదవడంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. పట్టాలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై సెంట్లు అనుకుంటారు. పక్కన హెక్టార్లు అని రాసి ఉంటుంది. హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు, 2.471 ఎకరాలు. 1.20ను 2.471తో గుణిస్తే 2.965, అంటే రెండెకరాల తొంభై ఆరున్నర సెంట్లు. పంట రుణానికైనా, విత్తనాల లెక్కకైనా ఆ అంకెనే చెప్పాలి.